పాయింట్ల ఓడ

పాపకూర, ఆక్లండ్,
మే 2025

అన్నయ్యకు,

ఎప్పుడూ ముందు నీ దీవెన అడిగి, ఆ తరువాత సంగతి రాసేదాన్ని. ఈసారి సంగతే ముందు. ఫోన్లో చెబితే నీకు సగం వినపడదు, వినపడిన సగానికి కేకలేస్తావు. అందుకే ఎప్పటిలాగే కాగితం.

నేను ఓడ ప్రయాణాల మెంబర్‌షిప్ ఒకటి తీసుకోబోతున్నాను.

మొన్న శనివారం మానుకావ్‌లో ఒక హోటల్లో భోజనం పెట్టి దాని గురించి చెప్పారు. మా రెస్ట్ హోమ్‌లో నాతో పాటు ముసలివాళ్లను చూసుకునే రాజశ్రీకి పిలుపు వస్తే తోడు వెళ్లాను. తెర మీద నీలం సముద్రం, తెల్ల ఓడ. మైకు పట్టుకున్నాయన మన చర్చి కన్వెన్షన్లలో ప్రసంగీకుల్లాగే అటూ ఇటూ నడుస్తూ, "ఎంతమంది ఇన్నేళ్లూ ఇతరుల కోసమే కష్టపడ్డారు? లేచి నిలబడండి!" అన్నాడు. నిలబడమంటే నిలబడటమే కదా మనకు అలవాటు. నిలబడ్డాను. చూస్తే హాలు మొత్తం మీద నేనొక్కదాన్నే. "ఇప్పుడు మీకూ విశ్రాంతి కావాలి!" అన్నాడు. "ఆమెన్" అనేశాను, పైకే. రాజశ్రీ నా చున్నీ పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన మాత్రం మిగతాదంతా నన్నే చూస్తూ చెప్పాడు.

నాకు అర్థమైనంత వరకూ ఇదీ పద్ధతి. ఒకసారి పెద్ద మొత్తం కట్టి చేరాలి. తరువాత ఏటేటా కొంత కట్టాలి. దానికి ఏటా మన పేరున పాయింట్లు పడతాయి. ఆ పాయింట్లు ఇచ్చి ఓడలో గది తీసుకోవాలి. ఆ రోజే సంతకం పెట్టమన్నారు. చదవకుండా పెట్టనన్నాను. "మీకోసం ఈ ధర ఇంకొన్నాళ్లు ఆపుతాను మేడమ్" అన్నాడు. వచ్చే నెల వాళ్ల ఆఫీసుకు వెళ్తున్నాను.

ఈ వయసులో నీకు ఓడ ఎందుకమ్మా అంటావు. ఎందుకో చెప్తాను. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఇతరుల పక్కలు సర్దుతున్నాను. దుప్పటి మూలలు మడిచి, దిండు తట్టి, తడిసినవి మార్చి మళ్లీ మొదటి గదికి వస్తాను. బ్రిటోమార్ట్‌లో రైలు దిగినప్పుడల్లా రేవులో ఆ ఓడలు కనిపిస్తాయి, పక్కనున్న భవనాల కన్నా ఎత్తుగా. వాటిలో నేను పడుకుని లేచి అలా బయటికి నడిచి వెళ్లిపోతే, నా పక్క ఇంకెవరో సర్దాలి. నా కోరిక అదొక్కటే. చిన్నదే. కానీ నాది.

జనవరిలో పని మానేస్తున్నాను. డబ్బు నాదే, ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు. మౌంట్ ఆల్బర్ట్‌లో ఉన్న షీనాకు చెప్పాను. "గో ఫర్ ఇట్ మమ్మీ" అంది.

"ప్రేయర్ చేసి చెప్తాను" అని మాత్రం రాయకు. నేను అడగటం లేదు. చెబుతున్నాను.

వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
శిరోమణి


డునెడిన్,
మే 2025

చెల్లెలు శిరోమణికి,

అన్న సుందర్ రాజు దీవెనలు. నువ్వు అడగకపోయినా నేను ఇచ్చేవి ఇవి.

నువ్వు వద్దన్నావు కాబట్టి ముందు ప్రార్థన చేశాను, తరువాతే కలం పట్టాను. జవాబు స్పష్టంగా వచ్చింది. వద్దు.

అమ్మాయ్, మన ఇంట్లో ఫ్రిజ్ కన్నా పెద్ద వస్తువు ఏదైనా నేను ప్రార్థించకుండా కొన్నామా? నువ్వు టీచర్ ట్రైనింగ్ అంటే నేను నర్సింగ్ అన్నాను. ఇవాళ నువ్వు తింటున్న అన్నం ఆ నర్సింగ్ పెట్టిందే. ఎలియాస్ సంబంధం చూసింది నేను. గల్ఫ్ వద్దు, ఇక్కడికి రమ్మని కాగితాలు పంపింది నేను. బీచ్ పక్కన ఇల్లు కావాలని నువ్వు మారాం చేస్తే, స్టేషన్ దగ్గర పాపకూరలో కొనిపించింది కూడా నేనే. ఇందులో ఒక్కటి తప్పయిందా? అయితే చెప్పు, ఇక ఈ జన్మలో నీకు ఏమీ చెప్పను.

ఓడ అంటే ఏమనుకున్నావు? రాత్రంతా తాగుడు, జూదం, డాన్సులు. భర్త పోయిన స్త్రీ, ఒంటరిగా, అంతమంది పరాయివాళ్ల మధ్య! ఎవరైనా ఏమైనా అంటే సమాధానం చెప్పుకోవలసింది నేను. పైగా పాయింట్లట. డబ్బు అయితే లెక్క తెలుస్తుంది. పాయింటుకు తలా తోకా ఉందా? నేను ఇన్నేళ్లు ల్యాబులో పనిచేశాను, కొలవడానికి వీల్లేని దాన్ని నమ్మను.

నువ్వు కంగారు పడకు. ఈ భారం నేనొక్కడినే మోయటం లేదు. మీ వదిన వాట్సాప్ ప్రేయర్ గ్రూపులో పెట్టింది. నీ పేరు రాయలేదు. "పాపకూరలో ఉన్న ఒక సహోదరి, ఈ మధ్య విధవరాలైంది, రెస్ట్ హోమ్‌లో పని, ఓడ కొనాలనే శోధనలో ఉంది, ఆమె విడుదల కోసం" అని మాత్రమే పెట్టింది. క్రైస్ట్‌చర్చ్ నుంచీ, ఆక్లండ్ నుంచీ కూడా అంతా ప్రార్థిస్తున్నారు.

ఆ ఆఫీసుకు వెళ్లవద్దు.

నీ మేలు కోరే అన్న,
సుందర్ రాజు


పాపకూర,
జూన్ 2025

అన్నయ్యా,

పేరు రాయలేదా? పాపకూరలో మన తెలుగు సహవాసానికి వచ్చేవాళ్లలో, రెస్ట్ హోమ్‌లో పనిచేస్తూ, భర్త పోయి, ఓడ గురించి మాట్లాడే సహోదరీలు ఎంతమంది ఉన్నారనుకున్నావు? నా పాస్‌పోర్ట్ నంబరు ఒక్కటే తక్కువైంది వదినా, అని ఆవిడతో చెప్పు.

ఆదివారం నేను హాల్లో అడుగు పెట్టేసరికి మాటలు ఆగిపోయాయి. ఒకావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది, ఏమీ అనలేదు, కళ్లలో నీళ్లు. ఇంకొకరు ఇంటికి పులిహోర పంపించారు, నేను జ్వరంతో పడి ఉన్నట్టు. కూడికలో మా సహవాసం పెద్ద ఈశ్వరరావుగారు కళ్లు మూసుకుని, "ఓడ తలంపులన్నిటినీ తొలగించు తండ్రీ" అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. వెనక నుంచి ఎవరో, "ఓడ కొంటున్నారంట కదా ఆంటీ, ఎక్కడ పార్క్ చేస్తారు?" అని అడిగారు. వదిన అలా రాసింది మరి. ఓడ కొనాలని!

నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ రాత్రి దేవుడితో కూడా మాట్లాడలేదు.

నువ్వు అడిగిన దానికి జవాబు. నువ్వు చెప్పిన వాటిలో ఒక్కటీ తప్పు కాలేదు. నర్సింగ్ మంచిదే. మీ బావ బంగారం లాంటి మనిషి. ఈ దేశం మంచిది. ఈ ఇల్లు స్టేషన్ దగ్గర ఉండటం నా మోకాళ్లకు మంచిదే. అన్నీ మంచివే అయ్యాయి, అదే నా బాధ. ఒక్కటైనా చెడిపోయి ఉంటే, ఆ తరువాతది నన్ను ఆలోచించుకోనిచ్చేవాడివి. అరవై దాటాయి నాకు. రోగికి ఇంజెక్షన్ ఇవ్వాలో మాత్ర చాలో డాక్టరు వచ్చేలోపు నిర్ణయించేదాన్ని, నా సెలవు ఎక్కడ గడపాలో నిర్ణయించుకోలేనా?

తాగుడు గురించి రాశావు. నేను తాగుబోతు ముసలాళ్లకు స్నానాలు చేయించాను అన్నయ్యా. నన్ను ఓడలో ఎవరు ఏం చేస్తారు?

నిన్నటి వరకూ కొనాలా వద్దా అని కొంచెం అనుమానం ఉండేది. ఇప్పుడు లేదు. మీరంతా కలిసి తీర్చేశారు. ఆఫీసుకు వెళ్తున్నాను. సంతకం పెడుతున్నాను. గ్రూపులో ఇది కూడా పెట్టుకోండి. ఈసారి పేరు రాయండి.

శిరోమణి


డునెడిన్,
జూన్ 2025

శిరోమణికి,

నీ ఉత్తరం చదివాను. మీ వదిన కూడా చదివింది. పొద్దుటి నుంచీ ఆమె వంటింట్లోంచి బయటికి రాలేదు. మంచి ఉద్దేశంతోనే చేసింది. గ్రూపులోంచి తీసేయమన్నాను, తీసేసింది. కానీ ఇప్పటికే చాలామంది ప్రార్థించేశారు, వాటిని వెనక్కి తీసుకోవటం ఎలాగో నాకు తెలియదు.

సరే, వెళ్లు. పెట్టు సంతకం. నేను ఇక ఏమీ రాయను.

రాయను అన్నాను గానీ ఇది ఒక్కటి రాస్తాను. నాన్న పోయినప్పుడు నువ్వు లంగా ఓణీల్లో ఉన్నావు. నాకూ మీసాలు సరిగా రాలేదు. పెద్దవాళ్లు నా భుజం మీద చెయ్యి వేసి, ఇక ఇంటికి పెద్ద నువ్వే అన్నారు. ఎలా పెద్దగా ఉండాలో ఎవరూ చెప్పలేదు. భయమేసినప్పుడల్లా మోకాళ్ల మీద కూర్చునేవాడిని. లేచాక నాకు ఏది తోస్తే అది మీకు చెప్పేవాడిని. మీరు చేసేవారు. అలా అలవాటైపోయింది.

నువ్వు అడగటం మానేస్తే నేను దేనికి అన్నను? పండక్కి కేకు ముక్క పంపడానికా? నాకు కోపం లేదు. బాధగా ఉంది. అంతే.

సుందర్ రాజు


పాపకూర,
జూలై 2025

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. అయినా ఆఫీసుకు వెళ్లాను.

మైకు ఆయనే. కాఫీ ఇచ్చాడు, కలం ఇచ్చాడు. నేను కళ్లజోడు పెట్టుకుని కాగితం మొదటి నుంచీ చదువుతుంటే ఆయన కుర్చీలో ఇటూ అటూ కదిలాడు.

"ఈ గదికి ఇన్ని పాయింట్లు అని రాశారు. ఇది ఒక మనిషికా, ఇద్దరికా?" అని అడిగాను.

"గదికి మేడమ్! అదే ఇందులో గొప్ప. మీ పార్ట్‌నర్ ఫ్రీ."

"ఆయన చనిపోయారు."

"ఓ, సారీ. అయితే ఫ్రెండ్‌ని తీసుకెళ్లండి."

"నేనొక్కదాన్నే వెళ్తే?"

"అవే పాయింట్లు మేడమ్."

అంటే అన్నయ్యా, నేను బతికి ఉన్నన్నాళ్లూ, ప్రతి ఏడూ, మీ బావ పడుకోని మంచానికి కూడా నేనే కట్టాలి. ఇంట్లో ఆ రెండో వైపు పక్క నేను ఇప్పటికీ ముడత పడనివ్వను. దానికి ఎవరో బిల్లు వేస్తారా?

ఇదే గదికి వచ్చే ఏడు కూడా ఇవే పాయింట్లా అని అడిగాను. ఎక్కువ కావచ్చు, అది కంపెనీ ఇష్టమట. మరి నేను ఏటా కట్టేది నా ఇష్టమా అంటే నవ్వాడు. నేను పోతే? "మీ అమ్మాయికి వారసత్వంగా వెళ్తుంది, ఎంత మంచి కానుక!" అన్నాడు. కానుకతో పాటు ఏటా కట్టే బాధ్యత కూడా షీనాకే వెళ్తుందని కింద చిన్న అక్షరాల్లో ఉంది. కలం మూత పెట్టి ఆయన చేతికి ఇచ్చాను. "ఈ ధర ఇవాళ దాటితే ఉండదు మేడమ్" అన్నాడు. "ఉండొద్దు" అన్నాను.

ఇక అసలు సంగతి. కారులో కూర్చున్నాక వెనక్కి వెళ్లి సంతకం పెట్టేద్దామనిపించింది. నిజంగా. అది పనికిరాని బేరమని తెలుసు. కానీ కొనకపోతే మీరు గెలుస్తారు. నువ్వు చర్చిలో నిలబడి, ప్రార్థన ఫలించింది అంటావు. ఈశ్వరరావుగారు తల ఊపుతారు. అంతమంది ఆమెన్లకు నేను లొంగినట్టు అవుతుంది. స్టీరింగు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, పార్కింగ్ ఆవిడ వచ్చి అద్దం తట్టింది. అప్పుడు అనిపించింది, నీ మీద కోపంతో కొన్నా, నీకు భయపడి మానేసినా, రెండూ నువ్వు చెప్పినట్టు చేయడమే. నా సంగతి ఎందులోనూ లేదు. బండి స్టార్ట్ చేసి ఇంటికి వచ్చాను.

ఆదివారం సాక్ష్యాల సమయంలో, అందరూ తమకు జరిగిన మేళ్లు చెప్పాక, లేచాను. "పాపకూరలో ఒక విధవరాలు అని మీరంతా ప్రార్థించింది నాకోసమే" అన్నాను. ఎవరూ తెలియనట్టు మొహం పెట్టలేకపోయారు. "నేను ఆ మెంబర్‌షిప్ తీసుకోలేదు. మీ ప్రార్థనల వల్ల కాదు. కాగితం చదివాను, ప్రశ్నలు అడిగాను, నచ్చలేదు, వచ్చేశాను. చదవడానికి కళ్లూ అడగడానికి నోరూ ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం. ఓడ మాత్రం ఎక్కుతున్నాను. దయచేసి నా విడుదల కోసం ఎవరూ ప్రార్థించవద్దు. నేను ఎక్కడా బందీగా లేను" అన్నాను. ఈసారి నాకు తోడుగా వచ్చి పక్కన కూర్చున్న రాజశ్రీ "ఆమెన్" అంది, ఒక్కతే.

షీనా, నేనూ కంప్యూటర్ ముందు కూర్చుని వెతికాం. కొన్ని ఓడల్లో ఒంటరివాళ్ల కోసమని చిన్న గదులు ఉంటాయట. కిటికీ లేదు. ఒకే మంచం. అలాంటి ఓడ ఒకటి ఫిబ్రవరిలో ఆక్లండ్ నుంచి ఈ దేశం చుట్టూ తిరిగి వస్తుంది. మామూలు టికెట్టు, ఒకసారి కట్టడం, ఒకసారి వెళ్లడం. కొనేశాను.

నువ్వు దేనికి అన్నవు అని అడిగావు. నాన్న పోయినప్పుడు నీకు భయమేసిందని ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పావా? అది చెప్పేందుకు అన్నవు.

శిరోమణి


డునెడిన్,
జనవరి 2026

చెల్లెలు శిరోమణికి,

నీ ఉత్తరానికి ఇన్ని నెలలు జవాబు రాయలేదు. చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఫోన్లో నువ్వూ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నువ్వు ఏమైనా అనుకో, ప్రార్థన ఫలించింది. కలం మూత పెట్టే బుద్ధి ఎవరిచ్చారు? మా చర్చిలో నేను సాక్ష్యం చెప్పాను. అందరూ సంతోషించారు. నువ్వు అక్కడ ఏం మాట్లాడావో కూడా మాకు తెలిసింది, దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు సంతోషకరమైన వార్త. షీనా మీ ఓడ తిరిగే దారి పంపించింది. అది మా పోర్ట్ చామర్స్ రేవులో ఒక రోజంతా ఆగుతుంది! మా ఇంటికి కారులో ఎంతో దూరం లేదు. ఆ రోజు నీ పేరున మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాను. పాస్టరుగారు సరేనన్నారు. మీ వదిన బిర్యానీకి చెప్పింది. నువ్వు ఓడ దిగగానే గేటు దగ్గర మేమంతా ఉంటాం. కూడిక, భోజనం, నువ్వు నాలుగు మాటలు సాక్ష్యం, సాయంత్రానికి దింపేస్తాం. తెల్ల చీర వద్దు, ఏదైనా మంచి రంగు చీర కట్టుకో, ఫోటోలు తీస్తారు.

నీ అన్న,
సుందర్ రాజు


పాపకూర,
ఫిబ్రవరి 2026

అన్నయ్యా,

కూడిక రద్దు చెయ్యి.

ఓడ ఎక్కవద్దని ప్రార్థించినవాళ్లే, ఎక్కినందుకు కృతజ్ఞతలు చెప్పడానికి బిర్యానీ తింటారా? నేను మీ సాక్ష్యంలో ఉదాహరణగా ఉండటానికి సముద్రం దాటి రావటం లేదు. సెలవు మీద వస్తున్నాను. ఆ రోజు నాది.

నిన్ను చూడకుండా వెళ్తానని కాదు. నువ్వు రా. వదినను తీసుకురా. పాస్టరుగారు వద్దు, గ్రూపు వద్దు, మైకు వద్దు. గేటు దగ్గర ఇంకెవరైనా కనిపిస్తే నేను దిగను. నా సంగతి నీకు ఇంకా తెలియకపోతే దిగనప్పుడు తెలుస్తుంది.

ఏ చీర కట్టుకోవాలో కూడా నువ్వే రాశావు చూడు!

శిరోమణి


ఓడ మీద నుంచి,
ఫిబ్రవరి 2026

అన్నయ్యకు,

ఇవాళ ఫియోర్డ్‌లాండ్ కొండల మధ్య నుంచి వెళ్తున్నాం. రెండు వైపులా రాతి గోడల మీద నుంచి నీళ్లు పడుతున్నాయి. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేను దుప్పటి కప్పుకుని డెక్ మీద కూర్చుని నీకు రాస్తున్నాను. గదిలో నా పక్క ఎవరో సర్ది వెళ్లారు. మూలలు నేను మడిచినంత బాగా మడవలేదు. ఏమీ అనకుండా వచ్చేశాను.

నిన్న మనం కలిసి ఉన్నంతసేపూ ఈ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. పై నుంచి నాకు ఏం కనిపించిందో నీకు తెలియదు కదా, అందుకే రాస్తున్నాను.

పోర్ట్ చామర్స్‌లో ఓడ ఆగేసరికే నేను డెక్ అంచున నిలబడి ఉన్నాను. గేటు బయట మీరంతా కనిపించారు. నువ్వు, వదిన, సూట్లో పాస్టరుగారు, పూలగుత్తి పట్టుకున్న ఆవిడ, ఇంకా నాకు తెలియనివాళ్లు. రెండు చివర్లా పట్టుకున్న బ్యానర్ కూడా. దాని మీద నా పేరు అంత దూరానికి కూడా చదవగలిగాను. ఈసారి పేరు రాశారు.

నేను కదల్లేదు. జనం దిగిపోతున్నారు, బస్సులు వెళ్తున్నాయి. నువ్వు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని పైకి చూశావు. నన్ను చూశావని నాకు తెలుసు, ఎందుకంటే చెయ్యి ఊపావు. నేను ఊపలేదు. చిన్నప్పుడు నువ్వు పిలిస్తే తింటున్న అన్నం వదిలి వచ్చేదాన్ని. కిందికి పరుగెత్తాలని కాళ్లు లాగుతున్నాయి. కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

నువ్వు మళ్లీ ఊపావు. తరువాత ఊపటం మానేసి అలా చూస్తూ నిలబడ్డావు. అప్పుడు వాళ్ల వైపు తిరిగి ఏదో చెప్పావు. పాస్టరుగారు చేతులు తిప్పుతూ నీతో వాదించారు. నీకు వినపడినట్టు లేదు, లేదా వినపడనట్టు ఉన్నావు. వాళ్లు ఒక్కొక్కరే కార్లు ఎక్కారు. పూలావిడ పూలు వదినకు ఇచ్చి వెళ్లింది. ఆ బ్యానర్ నువ్వే మడత పెట్టావు. గాలికి అది రెండుసార్లు ఊడిపోయింది, మళ్లీ పట్టుకుని మడత పెట్టావు. చర్చి పెద్దవు నువ్వు, అందరి ముందూ. అది నీకెంత కష్టమో ఈ భూమి మీద నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అప్పుడు దిగాను. మెట్ల మీద ఏడ్చి, మొహం తుడుచుకుని దిగాను.

నువ్వు నన్ను తిట్టలేదు. ప్రార్థన ఎత్తలేదు. కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ నిలబడి, "ఎక్కడికెళ్దామే?" అని అడిగావు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను, గమనించావా? వదిన నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. ఒంట్లో బాగానే ఉంది. ఆ మాట నువ్వు నన్ను అడగటం అదే మొదటిసారి అన్నయ్యా. ఏం చెప్పాలో తెలియలేదు.

నీ చెల్లెలు,
శిరోమణి